టిక్కెట్టు కొన్న చుట్టం

ఇంట్లో పెళ్లి కుదిరిందంటే ముహూర్తం తర్వాత మనకు పట్టుకునేది లెక్క. పిలిచేవాళ్లెందరు, వచ్చేవాళ్లెందరు, పిలవకపోయినా వచ్చేవాళ్లెందరు? బంతికి ఎన్ని విస్తళ్లు, గంగాళంలో ఎన్ని బిందెల నీళ్లు, రాత్రికి ఎన్ని చాపలు? మగవాళ్లు బ్యాండు మేళం గురించి, పందిట్లో లైట్ల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. ఆడవాళ్లు మాత్రం చంటిపిల్లల తల్లులకు ఒక గది కావాలి గదా అని ఆలోచిస్తారు. పెళ్లి బాగా జరిగిందని పదేళ్ల తర్వాత చెప్పుకున్నారంటే అది బ్యాండు మేళం గొప్ప కాదు, ఆ గది గొప్పే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆటల మైదానాలు కట్టేవాళ్లూ నడిపేవాళ్లూ ఈ లెక్క ఎప్పుడూ సరిగా వెయ్యలేదని చరిత్ర చెబుతోంది. స్టేడియం కూడా ఒక పందిరే. పెళ్లి చుట్టం మహా అయితే చదివింపులు ఇస్తాడు. ఈ చుట్టం ముందే డబ్బు కట్టి, టిక్కెట్టు చేతబట్టుకుని వస్తాడు. అయినా గుమ్మం దగ్గర అతనికి దొరికే మర్యాద ఏమిటో, ఒక్కసారి పిల్లల్ని వెంటబెట్టుకుని మ్యాచ్‌కి వెళ్లివచ్చిన తల్లిని అడగండి, చెబుతుంది.

ఈ లెక్క మనిషికి చేతగానిదేం కాదు. రోములో కొలోసియం క్రీస్తుశకం 80లో తెరిచారు. జనం లోపలికి వెళ్లే 76 ద్వారాలకు వరసగా అంకెలు చెక్కారు. కొన్నిటిమీద ఆ అంకెలు ఇప్పటికీ కనబడతాయి. ఏ ద్వారంలోంచి వెళ్లాలో, ఏ మెట్టుమీద కూర్చోవాలో ముందే తెలిసేది. ఆట ముగిశాక జనమంతా తొందరగా బయటపడేలా దారులు కట్టారు. మరి ఆడవాళ్ల సంగతో? కత్తియుద్ధాల్ని వాళ్లు పై వరసల నుంచే చూడాలని అంతకుముందే అగస్టస్ చక్రవర్తి శాసించాడు. మల్లయుద్ధాల వంటి పోటీలకైతే అసలు రానేవద్దన్నాడు. రెండు వేల ఏళ్ల కిందట మనకిచ్చిన సీటు అది. అందరికన్నా వెనక, అందరికన్నా ఎత్తున.

ఆ తర్వాత ఒకచోట కథ తిరగబడింది. అదీ చెప్పుకోవాలి. బాస్కెట్‌బాల్ ఆట పుట్టింది 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు ఊళ్లో. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో కుర్రాళ్లు నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చి బాల్కనీ కమ్మీలకు కొట్టించాడు. చూసేవాళ్లు ఆ బాల్కనీలోనే, బుట్ట వెనకాలే నిలబడేవారు. తమ జట్టు బంతి వస్తే చెయ్యి సాయం, అవతలి జట్టు బంతి వస్తే చెయ్యి అడ్డం! వాళ్ల చేతులు ఆపడానికే బుట్ట వెనక చెక్క బిగించారు. బాస్కెట్‌బాల్ ఆటలో ఈనాటికీ బంతి కొట్టుకునే ఆ పలక, ప్రేక్షకుడి అల్లరికి వేసిన తడిక అన్నమాట. తర్వాత కొన్నాళ్లు ఆటస్థలం చుట్టూ ఇనుపవల కూడా కట్టారు. అసలు పంజరమే.

ఆ ఆట పుట్టిన ఏడాదిన్నర లోపే, 1893 మార్చిలో, దగ్గరలోని స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్‌సన్ అనే ఉపాధ్యాయిని అమ్మాయిల చేత బాస్కెట్‌బాల్ పోటీ ఆడించింది. ఆ పోటీ చూడడానికి మగవాళ్లను రానివ్వలేదు. ఆటకత్తెలూ ఆడవాళ్లే, కేకలు వేసినవాళ్లూ ఆడవాళ్లే. అగస్టస్ చక్రవర్తికి అంతకాలానికి జవాబు దొరికిందని నవ్వుకుంటే తప్పులేదు.

అమెరికా కాలేజీల్లో ఆ ఆట ఇప్పుడు ఎంత పెద్దదయిందో, అక్కడ చదువుతున్న మన పిల్లల్ని అడిగితే చెబుతారు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో పెద్ద మ్యాచ్‌కి సీటు దొరకాలంటే విద్యార్థులు చలిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి కాపలా పడుకుంటారు. 1986లో మొదలైన ఆచారం అది. తిరుపతిలో ధర్మదర్శనం క్యూ చూసినవాళ్లకు ఆ భక్తి వింతగా అనిపించదు. విరాళాలిచ్చే పెద్దమనుషులకు ముందువరసలు రాసిచ్చి, గొంతు చించుకుని అరిచే విద్యార్థుల్ని పైకి తోసేస్తున్నారని అక్కడి కాలేజీల్లో తరచూ గొడవలు. ఖాళీగా మిగిలిన ఖరీదైన కుర్చీలనూ, వెనకాల కిక్కిరిసిన జనాన్నీ చూసినప్పుడు ఎవరి మనసైనా మండుతుంది. ఈ బాధకు ఊరూ దేశమూ లేవు.

ఇక మన ఇంటికి వద్దాం. మా పాలమూరు జిల్లాలో జనం చూసే సంబరాలకు టిక్కెట్టు ఉండేది కాదు. కార్తీకమాసంలో కురుమూర్తి జాతరకు, ఉద్దాల ఉత్సవానికి వచ్చే జనాన్ని లెక్కపెట్టిన వాడెవడు? బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు, చెట్టుకింద పొయ్యి రాజేసుకునేవాళ్లు. గద్వాల వైపు ఎద్దుల చేత బండ లాగించే పోటీ పెడితే, కట్టమీద ఎక్కి చూసేవాడు కట్టమీద, చెట్టెక్కి చూసేవాడు చెట్టుమీద. తోపులాట ఉండదని కాదు. ఉంటుంది. కాని ఎవడి చోటు వాడు ఎంచుకున్నాడు గనుక దూరమైందని ఎవరిమీదా నిష్ఠూరం ఉండదు. టిక్కెట్టు కొన్నాక సంగతి వేరు. డబ్బు తీసుకున్నవాడు మాట ఇచ్చినట్టు లెక్క. ఆ మాట తప్పితే వచ్చే కోపం జాతరలో వచ్చే విసుగు లాంటిది కాదు.

క్రికెట్టు పిచ్చి పట్టిన పాలమూరు వాళ్లకు పెద్ద ఆట చూడాలంటే హైదరాబాదే గతి. వంద కిలోమీటర్ల ప్రయాణం. 1990ల దాకా అది మీటర్ గేజి రైలు. తెల్లవారక ముందే లేచి, సద్ది కట్టించుకుని, కాచిగూడ స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి ఫతేమైదానం దాకా నడిచినవాళ్లు నడిచి, రిక్షా ఎక్కినవాళ్లు ఎక్కి చేరేవారు. ఆ సద్ది కట్టినవాళ్లు మన అమ్మలూ అత్తలూ. ఆట వాళ్లు చూడలేదు గాని, ఆట చూసినవాళ్లు తిన్నది వాళ్ల చేతి పులిహోరే.

ఫతేమైదానం అంటే విజయ మైదానం. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది. ఆ మొగలు సైన్యం విడిదిచేసిన మైదానానికి ఆ పేరు మిగిలిపోయింది. మొదటిసారి అక్కడ టెస్టు మ్యాచ్ జరిగింది 1955 నవంబరులో, న్యూజీలాండ్‌తో. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టలేదు. ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఒక భారతీయుడు రెండు వందలు దాటడం అదే మొదలు. కృపాల్ సింగ్ తన మొట్టమొదటి టెస్టులోనే సరిగ్గా నూరు కొట్టి నిలిచాడు. ఆట డ్రా అయింది గాని, చూసినవాళ్లు కడుపు నిండి ఇంటికి వెళ్లారు. అప్పటినుంచీ న్యూజీలాండ్‌కూ హైదరాబాదుకూ ఏదో ఋణానుబంధం కుదిరింది. ముందు ముందు మీరే చూస్తారు.

1967లో ఆ మైదానానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. సరిగ్గా ఆ ఏడాది మొదటి రోజున కలకత్తాలో ఒక ఘోరం జరిగింది. ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌తో టెస్టు. ఉన్న సీట్లకన్నా ఎక్కువ టిక్కెట్లు అమ్మారు. చోటు దొరకనివాళ్లు హద్దు దాటి గడ్డిమీదికి వచ్చి కూర్చున్నారు. పోలీసులు లాఠీలు ఎత్తారు. జనం తిరగబడ్డారు. పందిళ్లు తగలబడ్డాయి, ఆ రోజు ఆట ఆగిపోయింది. పదిమందికి వండి ఇరవైమందిని బంతికి కూర్చోబెట్టి, విస్తరి లేనివాణ్ణి కర్రతో కొట్టడం అంటే అదే.

ఆ మంట రెండేళ్లు తిరిగేసరికి మన గడపకే వచ్చింది. 1969 అక్టోబరు 15న లాల్ బహదూర్ స్టేడియంలో మళ్లీ న్యూజీలాండ్‌తో టెస్టు మొదలైంది. ఆ రోజుల్లో టెస్టు మ్యాచ్ మధ్యలో ఒక విశ్రాంతి దినం ఉండేది. రెండో రోజు ఆటంతా వానపాలయింది. నిబంధన ప్రకారం కొయ్యాల్సిన రోజున పిచ్ మీది గడ్డి కోయించడం అంపైర్లు మరిచారు. మర్నాడు కోయించబోతే, అది నిబంధనకు విరుద్ధమని న్యూజీలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ ఒప్పుకోలేదు. అతను అన్నది న్యాయమే. ఇక పచ్చగడ్డిమీద బంతి ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? న్యూజీలాండ్ 181 పరుగులు చేస్తే, మనవాళ్లు 49 పరుగులకే తొమ్మిది వికెట్లు పోగొట్టుకున్నారు.

అలాంటప్పుడు జనం ఏం చెయ్యాలి? కోపంతో రాళ్లు వెయ్యాలి గదా! వెయ్యలేదు. చివరి జోడీ వెంకటరాఘవన్, బేడీ. ఇద్దరూ బంతి వేసేవాళ్లే తప్ప బ్యాటు పట్టేవాళ్లు కారు. ఆ ఇద్దరూ ఒక్కొక్క పరుగే కూడబెట్టి 40 పరుగులు జత చేశారు. మన జట్టు లెక్క 89కి చేరింది. ఓడిపోతున్న జట్టులో ఇద్దరు మొండివాళ్లు దొరికారని జనం మురిసిపోయారు. ఆ ముచ్చట తట్టుకోలేక ఒక కుర్రవాడు వాళ్లను అభినందించడానికి మైదానంలోకి పరుగెత్తాడు. కాపలావాళ్లు వాణ్ణి కొట్టారు.

అంతే, స్టేడియం లేచింది. కుర్చీలు విరిగాయి, మంటలు లేచాయి. ఒక జట్టు 49కి తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంటే కిక్కురుమనని జనం, ఒక పిల్లవాడి మీద దెబ్బ పడగానే అలా అయిపోయారు. దీన్ని పత్రికలు ప్రేక్షకుల క్రమశిక్షణారాహిత్యం అంటే అనుకోవచ్చు గాక. తగలబెట్టడం మంచిపని అని నేనూ అనను. కాని ఆ నిప్పు ఓటమి నుంచి పుట్టలేదు. చుట్టాన్ని గుమ్మంలో అవమానిస్తే పుట్టింది.

ఆ మ్యాచ్ కథ అంతటితో ముగియలేదు. ఆఖరిరోజు గెలవడానికి మనకు 268 పరుగులు కావాలి. 76కే ఏడు వికెట్లు పోయాయి. ఇక న్యూజీలాండ్ గెలుపు మూడు వికెట్ల దూరం. అప్పుడు పెద్ద వాన కొట్టింది. వాన వెలిసి ఎండ కాసింది. అయినా మైదానంలో నీళ్లు తోడడానికి, కప్పిన పట్టాలు తీయడానికి చేతులు ఆడలేదు. డౌలింగ్ తానే దిగి నీళ్లు తుడవడానికి సాయపడ్డాడు. ఎంత గింజుకున్నా ఆట మళ్లీ మొదలు కాలేదు. మ్యాచ్ డ్రా, సిరీస్ సమానం. మన గడ్డమీద సిరీస్ గెలవాలన్న న్యూజీలాండ్ కోరిక తీరడానికి 2024 దాకా, అంటే 55 ఏళ్లు, ఆగవలసి వచ్చింది. ఆ రోజు ఎండలో కూర్చుని, కళ్లెదుట ఎండుతున్న మైదానాన్ని చూస్తూ ఆట కోసం కాచుకున్న ప్రేక్షకుడి గోడు ఏ స్కోరు పుస్తకంలోనూ లేదు. ఓడితే ఓడాం, ఆట చూపించండయ్యా అని అతని మొర.

మా ఊళ్లో పెద్దవాళ్లు అలాంటి కబుర్లు విన్నప్పుడు బుగ్గన వేలేసుకునేవారు. "పైసలిచ్చి, ఎండల కూసోని, తన్నులు తినొచ్చుడేందే అక్కా! గదేం సోకు?" అని ఒకావిడ అంటే, "సినిమాకు పోతే నీడన్న ఉంటది" అని ఇంకో ఆవిడ తీర్పు చెప్పేది. ఆ మాటల్లో వేళాకోళం ఎంతుందో న్యాయమూ అంతే ఉంది.

అదే సంవత్సరం డిసెంబరులో కలకత్తాలో ఆస్ట్రేలియాతో టెస్టు. ఈసారి గొడవ ఆట దగ్గర కాదు, టిక్కెట్ల క్యూలో. తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆట చూడకముందే, లోపల అడుగు పెట్టకముందే. ఆ ఆరుగురి ఇళ్లల్లోనూ ఎవరో ఒకరు సద్ది కట్టి పంపే ఉంటారు.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో వచ్చింది. అప్పటిదాకా ఆట అంటే మైదానానికి పోవడమో, రేడియోకి చెవి ఆనించడమో. ఆ రేడియో కామెంటరీతోనే మనలో చాలామందికి క్రికెట్టు వంటబట్టింది. పప్పు ఎసట్లో పడేస్తూ "ఎంత పోయినయ్?" అని అడిగితే పరుగులా వికెట్లా అని ఎదురు ప్రశ్న వేసే మగవాళ్లకు, మనకు రెండూ తెలుసునని ఆలస్యంగా అర్థమైంది.

ఆ కేంద్రం వచ్చిన మూడు నెలలకు లాల్ బహదూర్ స్టేడియంలో ఒక గొప్ప సంగతి జరిగింది. ఎందుకో మనమే చెప్పుకోము. 1978లో మహిళల ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. మన అమ్మాయిలు ఒకరోజు అంతర్జాతీయ మ్యాచ్ ఆడడం ఆ పోటీల్లోనే మొదలు. ఆఖరి మ్యాచ్ జనవరి 13న హైదరాబాదులో. ఆస్ట్రేలియా, ఇంగ్లండు జట్లు తలపడ్డాయి. ఆస్ట్రేలియా అమ్మాయిలు గెలిచి కప్పు తీసుకుపోయారు. ఆడవాళ్ల ప్రపంచకప్ మన హైదరాబాదు మైదానంలో తేలింది! సంక్రాంతి ముంగిట, అరిసెల పాకం ముదురుతుందేమోనని మనం పొయ్యి దగ్గర కాపలా ఉన్నరోజు అది. ఆ సంగతి తెలిసి, స్టేడియానికి వెళ్లడానికి వీలున్న ఇల్లాళ్లు ఎంతమంది?

టీవీ వచ్చి 1983 ప్రపంచకప్ గెలుపు చూపించాక, ఆడవాళ్లూ పిల్లలూ స్టేడియాలకు బయల్దేరడం ఎక్కువైంది. వెళ్లినవాళ్లకు కష్టానికి తగ్గ ఫలం దొరికిన రోజులూ లేకపోలేదు. 1987 మార్చి 20న అదే మైదానంలో పాకిస్తాన్‌తో మ్యాచ్. ఇద్దరి లెక్కా 212 దగ్గర ఆగింది. ఆఖరి బంతికి అబ్దుల్ ఖాదిర్ రనౌట్ అయ్యాడు. మనకు పోయిన వికెట్లు ఆరు, వాళ్లకు ఏడు. ఒక్క వికెట్టు తేడాతో గెలుపు మనది. 1999 నవంబరులో మళ్లీ న్యూజీలాండ్. సచిన్ 186, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగుల జోడీ. అలాంటి రోజున అక్కడ ఉన్నవాళ్లకు దాహం గుర్తుండదు. కాని అలాంటి రోజులు ఎన్ని వస్తాయి? తక్కిన రోజుల్లో దాహమే గుర్తుంటుంది.

ఆడవాళ్ల కష్టాలు వేరుగా చెప్పాలి. పూర్వం కారేజీ పట్టుకుని వెళ్లనిచ్చేవారు. ఇప్పుడు గుమ్మం దగ్గరే సంచీ విప్పించి, నీళ్ల సీసా పక్కన పెట్టించి, చిల్లర నాణేలు కూడా పారెయ్యమంటారు. కారణం ఉంది, కాదనను. ఎవడో ఆకతాయి విసిరిన సీసా ఆటగాడికి తగలకూడదు గదా. కాని ఆ విసిరినవాడి శిక్ష చంటిపిల్ల తల్లికి ఎందుకు పడాలి? సీసా తీసుకున్నవాళ్లు లోపల మంచినీళ్లు పెట్టాలి. కుళాయి ఉంటే దాని దగ్గర బారెడు క్యూ. తినడానికి కొనబోతే బయట పది రూపాయలది లోపల యాభై. ఇక మరుగుదొడ్ల మాట ఎత్తకపోవడమే మేలు. ఆడవాళ్లు రారులే అనుకుని కట్టినట్టుంటాయి. ఇంటిదగ్గర బయల్దేరే ముందే నీళ్లు తాగడం మానేసి వెళ్లే స్త్రీలు ఎందరో. మా చిన్నమ్మ కూతురు ఒకసారి ఒక మ్యాచ్‌కి పిల్లల్ని తీసుకెళ్లింది. టిక్కెట్టుమీద రాసిన నంబరు సీటు కోసం మెట్లన్నీ ఎక్కి దిగి వెతికితే, ఆ సీట్లో అప్పటికే ఇద్దరు సర్దుకుని కూర్చున్నారట. "ఎక్కడో ఓకాడ కూసోండి అమ్మా" అని సలహా ఇచ్చాడట అక్కడి మనిషి. ఎక్కడో ఓకాడ కూర్చునేదానికి నంబరు ఎందుకు వేసినట్టు?

హైదరాబాదుకు కొత్త స్టేడియం ఉప్పల్లో వచ్చింది. 2005 నవంబరు 16న అక్కడ మొదటి అంతర్జాతీయ మ్యాచ్. దాదాపు 39 వేల సీట్లు. 2010లో అక్కడ జరిగిన మొదటి టెస్టు ఎవరితో అనుకున్నారు? న్యూజీలాండే! లాల్ బహదూర్ స్టేడియంలో 1988లో ఆఖరి టెస్టు ఆడిందీ వాళ్లే. మైదానం మారినా చుట్టం మారలేదు. ప్రేక్షకుడి కష్టం కూడా మారలేదు.

2022 సెప్టెంబరు 25న ఉప్పల్లో ఆస్ట్రేలియాతో టీ20 మ్యాచ్. దాదాపు మూడేళ్లుగా అంతర్జాతీయ మ్యాచ్ లేక జనం ఆవురావురుమంటున్నారు. టిక్కెట్ల అమ్మకం సెప్టెంబరు 22న సికింద్రాబాదు జింఖానా మైదానంలో. మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీలకు పందిరైన పాత మైదానం అది. తెల్లవారకముందే వేలమంది చేరారు. జనం ఎంత, కౌంటర్లు ఎన్ని, లోపలికి దారి ఎంత అని లెక్క చూసినవాళ్లు కనబడలేదు. తోపులాట తొక్కిసలాట అయింది, లాఠీలు లేచాయి. గాయపడినవాళ్లలో స్త్రీలూ ఉన్నారు. 1969 డిసెంబరు కలకత్తా తర్వాత సగం శతాబ్దం దాటినా క్యూ నిలబెట్టడం మనకు రాలేదన్నమాట. మ్యాచ్‌లో మనవాళ్లు గెలిచారు. క్యూలో నలిగినవాళ్లకు ఆ గెలుపు ఏమాత్రం మందు?

మరుసటి జనవరిలో న్యూజీలాండ్ వచ్చినప్పుడు టిక్కెట్లు ఆన్‌లైన్లో అమ్మారు. శుభ్‌మన్ గిల్ 208 కొట్టాడు. దెబ్బ తగిలితే గాని బుద్ధి రాలేదన్నా, వచ్చింది కదా అని సంతోషించాలి. ఆ సంతోషం ఎన్నాళ్లు? 2024 ఏప్రిల్లో ఐపీఎల్ మ్యాచ్‌కి ముందురోజు, బిల్లు బకాయి ఉందని స్టేడియానికి కరెంటు తీసేశారు! కోట్ల రూపాయల వ్యవహారం నడిచే చోట కరెంటు బిల్లు కట్టలేదంటే, నెల మొదటి తేదీనే పాలవాడికీ కరెంటుకూ డబ్బు తీసి పక్కన పెట్టే ఇల్లాలికి నవ్వు రాదూ? 2025 మార్చిలో ఉచిత పాసుల దగ్గర సంఘానికీ జట్టుకూ తగవు వచ్చింది. సీట్లలో పదో వంతు, అంటే సుమారు 3,900, ఊరికే ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉంది. అదీ చాలక ఇంకా కావాలని ఒత్తిడి చేశారని, మ్యాచ్ రోజున ఒక బాక్సుకు తాళం కూడా వేశారని జట్టు ఆరోపించింది. విచారణలూ జరిగాయి. ఎవరి మాట ఎంతవరకు నిజమో విచారణ చేసేవాళ్లు చూసుకుంటారు. మనకు కావలసిన సంగతి ఒకటే. ఆ తగవులో రెండు పక్షాలున్నాయి. డబ్బు పెట్టి కొన్న మూడోవాడి తరఫున ఎవరూ లేరు.

అదే ఏడాది జూన్ 4న బెంగుళూరులో, గెలిచిన జట్టును చూద్దామని చిన్నస్వామి స్టేడియం చుట్టూ లక్షలాది జనం చేరారు. ఎవరు లోపలికి వెళ్లవచ్చో, ఏ గేటు తెరుస్తారో సరిగా చెప్పినవాళ్లు లేరు. తొక్కిసలాటలో పదకొండుమంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది పడుచువాళ్లు. ఆ రోజు ఆట కూడా లేదు. సంబరం మాత్రమే.

ఇదంతా మన జనం తీరు, మారదు అని చేతులు దులుపుకునేవాళ్లున్నారు. వాళ్లకు ఇంగ్లండు సంగతి చెప్పాలి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ చూడబోయి 97మంది నలిగి చనిపోయారు. తప్పు జనానిదేనని చాలాకాలం నిందలు మోపారు. తాగి వచ్చారన్నారు, తోసుకున్నారన్నారు. ఆ చనిపోయినవాళ్ల తల్లులూ భార్యలూ అక్కచెల్లెళ్లూ పట్టు వదలకుండా పోరాడారు. 27 ఏళ్లకు, 2016లో, తప్పు జనానిది కాదనీ, నడిపించినవాళ్లదనీ న్యాయవిచారణలో తేలింది. ఆలోగానే పెద్ద మైదానాల్లో నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి, మనిషికి ఒక సీటు చొప్పున వెయ్యాలని నియమం వచ్చింది. జనం అదే జనం. పందిరి మారింది, అంతే.

2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో కడప పిల్ల శ్రీచరణి ఉంది, హైదరాబాదు పిల్ల అరుంధతి ఉంది. స్టేడియం కిటకిటలాడింది. తల్లుల పక్కన కూతుళ్లు బ్యాటు బొమ్మలు పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి పాలమూరులోనూ నల్లగొండలోనూ ఎంతమంది ఆడపిల్లలు "అమ్మా, మ్యాచ్‌కి తీస్కపో" అని కొంగు పట్టుకుని ఉంటారో ఊహించండి. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్లవలసింది మనమే.

కనుక వచ్చే మ్యాచ్‌కి టిక్కెట్లు అమ్మేవాళ్లకు ఒక విన్నపం. మీ కమిటీలో పెద్ద పెద్ద ఆటగాళ్లూ అధికారులూ ఉంటే ఉండనివ్వండి. వాళ్ల పక్కన ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసి, పిలిచినవాళ్లనూ పిలవనివాళ్లనూ కడుపునిండా పెట్టి పంపిన ఒక పెద్దముత్తయిదువను కూడా కూర్చోబెట్టండి. ఆవిడకు ఎల్‌బీడబ్ల్యూ అంటే తెలియకపోవచ్చు. మీరు స్కోరు బోర్డు గురించి మాట్లాడుతుండగా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఇదే. "అన్నీ బాగనే ఉన్నయి గాని నాయనా, వచ్చేటోళ్లకు నీళ్లేడ పెట్టిండ్రు?"